టోపీ కింద మాడు

మా అమ్మాయికి నేను టోపీలు అల్లుతుంటే చూసినవాళ్లంతా ముచ్చటపడేవారు. అల్లిక నాకు కాలేజీ రోజుల్లో మిషన్ హాస్టల్ మేట్రన్‌గారు నేర్పారు. ఉన్ని బెజవాడ గవర్నర్‌పేటలో కొన్నాను. కాన్పు డిసెంబర్లో, పామర్రులో మా అమ్మ దగ్గర. చలికాలంలో పుట్టిన పిల్లకి ఉన్ని టోపీ వేస్తే ఎవరు తప్పుపడతారు?

చలికని కాదు. పిల్ల మాడు చూడలేక.

నడినెత్తిన ఎముక ఇంకా కలవని ఆ మెత్తటి చోటు, పిల్ల నిద్రపోతున్నా కొట్టుకుంటూనే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వేలు తగిలితే లోపలికి దిగిపోతుందనిపించింది. అమ్మ రోజూ స్నానానికి ముందు అరచేతిలో ఆముదం పోసుకుని సరిగ్గా అక్కడే తట్టేది. నేను తువ్వాలు వెతికే వంకతో పక్క గదిలోకి వెళ్లేదాన్ని. స్నానం కాగానే మాత్రం అందరికంటే ముందు నేనే టోపీ తొడిగేదాన్ని.

మూడో నెల వెళ్లాక భవానీపురంలో మా ఇంటికి వచ్చేశాం. ఇక్కడ స్నానం నేనే చేయించాలి. ఒంటికి నీళ్లు పోసి, మాడు వదిలేసి తల చుట్టూ తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరకముందే టోపీ పెట్టేదాన్ని. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ అదే అడిగేది.

“మాడుకి ఆముదం పెడతన్నావా?”

“పెడుతున్నానమ్మా.”

ఎండలు ముదిరాయి. మా ఆయన చొక్కా విప్పి ఫ్యాను కింద కూర్చుని నవ్వేవారు. “బెజవాడలో ఉన్నామని దానికెప్పుడు చెబుతావు? పాపం, సిమ్లాలో పుట్టాననుకుంటోంది.” నేనూ నవ్వేసి ఇంకో టోపీ మొదలుపెట్టేదాన్ని. ఒకటి ఉతికితే ఇంకొకటి ఉండాలి కదా.

ఈస్టర్ తర్వాతి ఆదివారం చర్చిలో పిల్లకి బాప్తిస్మం. దానికని తెల్ల టోపీ అల్లి, కింద కట్టడానికి రిబ్బను కుట్టాను. చిన్నప్పటినుంచి ఎన్ని బాప్తిస్మాలు చూశానో. అయినా నీళ్లు తల మీద పోస్తారన్న సంగతి అల్లుతున్నంతసేపూ నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో.

పాస్టరుగారు గిన్నెలో చెయ్యి ముంచబోయి ఆగారు. “టోపీ తియ్యమ్మా,” అన్నారు మెల్లగా.

రిబ్బను బిగుసుకుపోయింది. నా వేళ్లకు ముడి రాలేదు. ఆ పొద్దునే పామర్రు నుంచి వచ్చిన అమ్మ వెనక బెంచీలోంచి లేచి వచ్చి విప్పింది. టోపీతోపాటు పుల్లటి చెమట వాసన పైకి వచ్చింది. నడినెత్తిన పచ్చటి పొర చెక్కులు కట్టి ఉంది. దాని చుట్టూ ఎర్రగా చెమటకాయలు. నా టోపీలను మెచ్చుకున్న ఆడవాళ్లంతా ముందు వరసలోనే ఉన్నారు. పాస్టరుగారు నీళ్లు పోశారు. పిల్ల ఏడవలేదు. చల్లగా తగిలి ప్రాణం లేచొచ్చినట్టు కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. అది చూశాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బయటికి రాగానే అమ్మ అంది: “రోజూ పెడతన్నానన్నావుగా. ఇంత బద్ధకమేంటే నీకు?”

“బద్ధకమేనమ్మా,” అన్నాను. భయమని చెప్పడం కంటే అది తేలిక. కన్నపిల్ల తలను చూసి భయపడ్డానని ఏ నోటితో చెప్పను?

మర్నాడు స్నానం వేళకి అమ్మ ఆముదం గిన్నె నా ముందుకు తోసింది. “పెట్టు. నేను చూస్తా,” అని కదలకుండా కూర్చుంది.

పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. చేతిలో ఆముదం పోసుకుని, కళ్లు మూసుకుని, మాడు మీద ఆనించాను. నేననుకున్నంత మెత్తగా లేదు. కిందనుంచి ఏదో గట్టిగానే నా అరచేతిని నెడుతోంది, ఆగకుండా.

“అంత ఆముదమా? కళ్లలోకి కారతంది చూడు,” అంది అమ్మ.

చూడక తప్పలేదు. కనుబొమ మీదికి జారిన చుక్కను ఒక చేత్తో తుడిచాను. రెండో చెయ్యి అక్కణ్ణుంచి తియ్యలేదు.