అక్క కళ్ళకు తగిన గీత

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. కింద వాటా వాళ్ళది, పై వాటా మాది. పదమూడేళ్ళుగా ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గర సిస్టర్‌గా పనిచేస్తోంది. ఆ గది ఎంత ఇరుకంటే, పేషెంటు కుర్చీకి ఒకవైపు గోడ, ఇంకోవైపు డాక్టరమ్మ స్టూలూ పనిముట్ల బల్లా. అక్కకు మిగిలింది పేషెంటు తల వెనక మూరెడు జాగా. అక్కడే నిలబడి ఒక చేత్తో తల కదలకుండా పట్టుకుని, ఇంకో చేత్తో నోట్లో ఊరే నీళ్ళు లాగే గొట్టం పట్టుకుంటుంది.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు గానీ, ఆ కుర్చీలో వెరవని మనిషిని అక్క ఇంతవరకు చూడలేదట. ఎంతటివాళ్ళైనా పైన కనిపించే ఆవిడ మొహం వంక రెండు నిమిషాలు చూశారంటే మెత్తబడతారు. డాక్టరమ్మ దాన్ని చేతి చలవ అనేది. వంట బాగుందంటే అక్క నమ్మదు, చీర బాగుందంటే పాతదంటుంది. "మీరు తల పట్టుకుంటే భయం పోయింది సిస్టర్" అని ఎవరైనా అన్నారో, ఆ మాట సాయంత్రం టీ దగ్గర మూడుసార్లు చెబుతుంది. ఆవిడకు గర్వమంటూ ఉంటే అదొక్కటే.

కళ్ళు పెద్దవే, కానీ బయటి కొసలు కిందికి వాలి ఉంటాయి. బళ్ళో కునుకమ్మ అనేవాళ్ళట. మా బావగారు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఈమధ్య క్లినిక్కుకు కొత్త బోర్డు పెట్టి, మాస్కులు వేసుకున్న డాక్టరమ్మనూ అక్కనూ దాని మీద ఫోటోగా వేశారు. అది చూసి అక్క నేరుగా నా దగ్గరికొచ్చింది.

"పన్ను పీకించుకున్నది నేనే అన్నట్టున్నానే ఆ బోర్డు మీద. ఏదైనా చెయ్యవే" అంది.

అడిగింది ఎవరిని? పదకొండేళ్ళుగా అలంకరణ సామాన్ల కొట్లో కౌంటరు వెనక నిలబడ్డదాన్ని. కనురెప్ప చూసి ఏ ఐలైనర్ నప్పుతుందో చెప్పడంలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరని నా నమ్మకం. ఆ విషయంలో నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"పెన్సిల్ నీకు పనికిరాదక్కా. మాస్కులోంచి వేడిగాలి పైకి తన్నుతుంది, మధ్యాహ్నానికి కరిగి బుగ్గల మీదికొస్తుంది. డబ్బాలో వచ్చే జెల్ నిలుస్తుంది గానీ, పొద్దున్నే పావుగంట కూర్చుని బ్రష్షుతో దిద్దుకునే తీరిక నీకెక్కడిది? సీసాలో లిక్విడ్ అయితే ఆరేదాకా రెప్ప కదపకూడదు, అది నీవల్ల కాదు. స్కెచ్‌పెన్నులా ఉంటుంది చూడు, తడికి చెదరనిది, అదే నీకు సరి."

ఊరికే చెప్పి వదల్లేదు. గీత గీసి, మాస్కు పెట్టించి, మరుగుతున్న నీళ్ళ గిన్నె మీదికి ఆవిణ్ణి వంచాను. చెక్కుచెదరలేదు. ఇక గీత సంగతి. వాలిన కళ్ళకు కొస పైకి లేపి తోకలా తిప్పాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. అలాగే గీశాను. అక్క అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. బావగారు పేపరు దించి, "ఎవరండీ మీరు, మా కునుకమ్మ ఎక్కడ?" అన్నారు. నా కళ్ళు నెత్తికెక్కాయి.

వారం తిరక్కుండానే దింపాల్సి వచ్చింది. మొదట ఒక లెక్కల టీచరు, "అంత పాడైందా సిస్టర్ నా పన్ను?" అని కుర్చీలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంకొకాయన సూది చూడకముందే డాక్టరమ్మ మణికట్టు పట్టేసుకున్నాడు. మంగళవారం నాడు వ్యాయామశాల కోచ్, ద్వారబంధమంత మనిషి, మెడలో కట్టిన గుడ్డతో సహా లేచి వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ చెడ్డది కాదు, కానీ ఆవిడ పని ఆవిడ చూసుకోవాలిగా. వచ్చే సోమవారం నుంచి అక్కను బయట ఫోను దగ్గర కూర్చోమంది. కుర్చీ వెనక నిలబడ్డానికి కొత్తగా చేరిన అమ్మాయి ఉందట.

"నా చేతుల్లో ఏదో పోయిందే" అంటూ అక్క ఆ సాయంత్రం నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నేను అమ్మిన లైనరు మాత్రం ఇంత కూడా చెదరలేదు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

శనివారం, డాక్టరమ్మ భోజనానికి ఇంటికి వెళ్ళే వేళ చూసి నేను క్లినిక్కుకు పోయాను. ఏమీ తోచక కాదు, అసలు ఏం జరుగుతోందో నా కళ్ళతో చూడాలని.

"నన్ను పడుకోబెట్టి రోజూ చేసేదంతా చెయ్యి" అన్నాను.

కుర్చీ వెనక్కి వాలింది. దీపం వెలిగింది. నా తల వెనక నుంచి అక్క మొహం నా మీదికి వంగింది. తలకిందులుగా. నుదురు కింద ఉంది, మాస్కు పైన ఉంది, నేను మురిసిపోతూ పైకి లేపిన కొసలు రెండూ కిందికి వేలాడుతున్నాయి.

"అక్కా, ఏడుస్తున్నావా?"

"నేనెందుకు ఏడుస్తాను? మామూలుగానే ఉన్నాను."

నూనెలో ముంచిన దూదితో ఒక కన్ను తుడుచుకోమన్నాను. తుడుచుకుని మళ్ళీ వంగింది. తుడిచిన కన్ను నవ్వుతోంది. పుట్టుకతో వాలిన ఆ కొస, పడుకుని చూస్తే పైకి లేచి ఉంది. పదమూడేళ్ళుగా ఆ కుర్చీలో పడుకున్న ప్రతివాళ్ళూ చూసింది దాన్నే. నేనేమో పదకొండేళ్ళుగా ఎదురుగా నిలబడ్డ మొహాలకే గీతలు గీశాను. పడుకుని చూసేవాళ్ళు కూడా ఉంటారన్న ఆలోచన నాకు ఒక్కసారి రాలేదు. సిగ్గుతో కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

అక్క నమ్మలేదు. అందుకని నా కళ్ళకు చెరో రకం గీత గీసుకుని, మాస్కు పెట్టుకుని, ఆవిణ్ణి పడుకోబెట్టి నేను వెనక నిలబడ్డాను. అక్క చాలాసేపు చూసింది. తరవాత పొట్ట పట్టుకుని నవ్వింది. వారంలో ఆ నవ్వు వినడం అదే మొదలు.

పెన్ను అదే, గీతే మార్చాను. వాలిన కొసను సన్నగా ఇంకాస్త కిందికే సాగదీశాను. నా వృత్తికి తలవంపులు, కానీ గీశాను.

అక్క అద్దం చూసుకుని, "ఇలా వీధిలోకి ఎలా రానే?" అంది.

"మాస్కు తీసే ముందు తుడుచుకుని రా."

అంతలో డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ వెనకే చెంప వాచిపోయిన కోచ్. డాక్టరమ్మ కొత్త అమ్మాయిని కేకేసింది. పదమూడేళ్ళలో ఎన్నడూ ఎదురు మాట్లాడని అక్క అడ్డం వచ్చింది.

"ఈ ఒక్కరికీ నన్ను నిలబడనివ్వండి డాక్టరుగారూ. ఈయన లేచి వెళ్ళిపోతే, సోమవారం దాకా కూడా ఆగను, ఇప్పుడే ఫోను దగ్గరికి పోతాను."

తలుపు వేశారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎవరూ అరవలేదు. పన్ను తొలిచే మర మోత మొదలై ఆగింది. పళ్ళెంలో ఏదో టక్కుమని పడింది. ఇరవై నిమిషాలకు కోచ్ దవడ పట్టుకుని బయటికొచ్చాడు.

"మొదట్నించీ చివరిదాకా ఆ సిస్టర్ కళ్ళు నవ్వుతూనే ఉన్నాయండీ. ఆవిడే అంత ధీమాగా ఉంటే నాకేంటిలే అనిపించింది" అన్నాడు నాతో, నోట్లో దూదితోనే.

లోపలి నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది. "ఫోను దగ్గర ఆ అమ్మాయే కూర్చుంటుందిలే సిస్టర్. తరవాతి వాళ్ళను పిలువు."

అక్క బయటికొచ్చి, నా పక్కన కూలబడి మాస్కు తీసింది. కింది పెదవి మీద పంటి గాట్లు ఎర్రగా ఉన్నాయి.

"ధీమానట" అంది. "ఏడుపు తన్నుకొస్తుంటే పెదవి కొరుక్కుని నిలబడ్డానే."