ఐసులో పెట్టిన మూలుగ

దయ్యాలంటే నవ్వేటోణ్ణి నేను. బడి మెట్లెక్కకుండా, పొట్లాల కాగితాలు ఏరుకొని అక్షరాలు నేర్చుకున్నోణ్ణి. ఒకరు చెప్తే నమ్మే అలవాటు నాకు లేదు. ఆ గుణంతోనే ఒకసారి సొంత తమ్ముడికి కీడు చేయబోయిన.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా పాన్‌గల్ దిక్కు వస్తున్న రోజులు. తమ్ముడు కిష్టయ్య విడవని జ్వరంతో వనపర్తి దవాఖానలో ఉన్నడు. రక్తంలో క్యాన్సర్ ఉన్నదేమో, ఉంటే ఏ రకమో తేల్చాలన్నరు. పొద్దున తొమ్మిదింటికి డాక్టరు నడుము వెనక ఎముకలోకి సూది దించి మూలుగ తీసి, ఊదారంగు మూత గొట్టంలో పోసి, హైదరాబాదు ల్యాబుకు చేర్చమని నాకిచ్చిండు.

తమ్ముడు నా అంగీ పట్టుకొని ఒకటే మాటన్నడు: "అన్నా, జర భద్రం. ఇంకోసారంటే నాతోని కాదు."

గొట్టాన్ని ఊరికే సంచిలో వేసుకొని పొమ్మన్నడు కాంపౌండరు. నాకు మండింది. పోలియో చుక్కలకే ఐసు డబ్బా మోస్తరు, మనిషి మూలుగకు ఆ మర్యాద లేదా అని కొట్లాడిన. ఆయన వద్దంటనే ఉన్నడు. పేదోళ్లంటే ఇంత అలుసా అనుకుంట, బస్టాండు ముందర సోడా దుకాణంలో ఐసు కొని, టిఫిన్ డబ్బాలో నింపి, గొట్టాన్ని నడుమ గుచ్చిన. పదింటి బస్సెక్కిన. డబ్బా ఒడిలోంచి దించలే, మూత తీయలే.

ల్యాబులో నా బిడ్డ ఈడు ఆమె ఒకతి డబ్బా తెరిచి తల పట్టుకున్నది.

"పెద్దాయనా, ఐసుల పెడితే కణాలు చస్తయి. మాకు బతికున్నవి కావాలె."

ఎర్ర కణాలను కరిగించి, తెల్ల కణాలను కడిగి, రంగు మందు పట్టించి, ఒక్కొక్కదాన్ని లేజరు వెలుగు ముందర నడిపిస్తరట. చచ్చినవి, ముద్దకట్టినవి పనికిరావట. మళ్లీ తీయాల్సిందే అన్నది. ఒక్కసారి చూడమ్మా అని బతిమాలిన.

ఆమె ఐసులోంచి గొట్టం తీసి, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి చూసింది. తర్వాత నా చేతిలో పెట్టింది. వెచ్చగున్నది. అప్పుడే ఒంట్లోంచి తీసినంత వెచ్చగ. ఐసు మాత్రం సగానికి పైగా గడ్డగనే ఉన్నది.

గొట్టం తీసుకున్నట్టు ఆమె రాసిచ్చిన రసీదు మీద టైము రెండుంబావు. సాయంత్రం దాకా కూసోబెట్టి, కణాలు బాగున్నయి, మళ్లీ తీయక్కరలేదని చెప్పింది.

మరునాడు దవాఖానకు పోతే, నేను నోరు తెరవకముందే మరదలు అందుకున్నది.

"బావా, నువ్వు పోయినంక ఈయన కుడిచెయ్యి ఐసుగడ్డ అయింది. గుప్పిట బిగబట్టిండు. నర్సమ్మ, నేను ఇద్దరం గుంజినా ఇప్పలే."

ఒళ్లంతా కాలుతుంటే ఆ చెయ్యి ఒక్కటే చల్లనట. వార్డు గడియారంలో రెండుంబావైనప్పుడు తనంతట తనే ఇప్పిండట. తమ్ముణ్ణి అడిగితే, నిద్రపోయిన, తెల్వదన్నడు.

ఆ పరీక్షతోనే రకం తెలిసింది, మందు కుదిరింది. తర్వాత ఎనిమిదేండ్లు బతికిండు. కాంపౌండరు ముందర చేతులు జోడించి తప్పొప్పుకున్న. ఆయన నవ్వి చాయ్ తాపిండు.

రసీదు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నది. చదువుకున్నోళ్లకు చూపిస్త. డబ్బా మూత సరిగ పడలేదేమో అంటరు. ఐసు గడ్డగనే ఉండంగ గొట్టం ఒక్కటే ఎట్ల వెచ్చబడ్డదంటే మాట మారుస్తరు.

దయ్యాలు లేవని ఇప్పటికీ అంటా. ఆ వేడి ఎవరిదంటే మాత్రం నాకు తెల్వదు.