మార్జిన్‌లో రాయని మాట

“...అంటే నిద్రపోతూ మిషన్ నడిపాడంటారా? ఇరవయ్యేళ్లుగా మీ పుస్తకాలన్నీ కోసింది ఆ చేతులే కదండీ!”

“అరవకమ్మా. నిద్రపోయాడని నేనన్నానా? నిర్లక్ష్యం అన్నాను. కాగితంలోనూ అదే రాశాం.”

“రెండు వేళ్లు తెగిపడిన మనిషిని పట్టుకుని నిర్లక్ష్యం అంటారా? నోరెలా వచ్చిందండీ మీకు?”

మేనేజరు గదికీ ప్రూఫుల గదికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క అడ్డమే. ఇవతల కూర్చున్న ప్రూఫులక్క ఎర్ర పెన్నుకు మూత పెట్టేసింది. అవతల నిలదీస్తున్నది కటింగ్ బాబాయ్ భార్య. మూడు రోజుల కిందట, కాగితాలు కోసే మిషన్ బ్లేడు బాబాయ్ ఎడమచేతి మీదికి దిగింది.

ప్రూఫులక్క ఆ ప్రెస్సులో చేరి ఇరవై మూడేళ్లు. ఆమె చూడనిదే ఏ పేజీ అచ్చుకు వెళ్లదు. ఇంట్లోనూ ఊరుకోదు. “మా వదిన సబ్బు పెట్టె మీది తప్పులు దిద్దందే స్నానానికి వెళ్లదు” అని మరదలు ఆటపట్టిస్తుంది.

తప్పు దిద్ది వదిలెయ్యడం ఆమెకు చేతకాదు. అది ఎందుకొచ్చిందో పక్కన మార్జిన్‌లో ఒక్క మాట రాస్తుంది. ఒకే లైను రెండుసార్లు టైపు చేస్తే ‘పరాకు’. అంతా బాగా చేసి ఎక్కడో ఒక్క అక్షరం జారవిడిస్తే ‘ఏమరుపాటు’. నిన్న దిద్దమన్నది ఇవాళా అలాగే ఉంటే ‘అశ్రద్ధ’. టైపు చేసేవాళ్లు పళ్లు నూరుకుంటారు గానీ ఆ మాటను కాదనలేరు.

నిర్లక్ష్యం అని మాత్రం ఆమె ఇంతవరకూ ఎవరికీ రాయలేదు. ఎందుకు రాయవని ఒకసారి బాబాయే అడిగాడు.

“అది పెద్ద మాట బాబాయ్. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే పరాకు. పొంగుతున్నాయని తెలిసీ, తుడిచేది నేను కాదు కదా అని కూర్చుంటే నిర్లక్ష్యం.”

“అయితే మా ఇంట్లో నేను రోజూ చేసేది అదేనన్నమాట” అని బాబాయ్ పడీపడీ నవ్వాడు.

తలుపు తోసుకుని మేనేజరు వచ్చి, ప్రమాదం గురించి రాయించిన కాగితం ప్రూఫులక్క ముందు పెట్టాడు. వెనకాలే బాబాయ్ భార్య పిన్ని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

“భాష ఒకసారి చూడమ్మా. తప్పులుంటే పరువు పోతుంది. కింద సాక్షి అన్నచోట సంతకం పెట్టు. రేపు ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసుకు వెళ్లాలి.”

‘ఆపరేటర్ తన నిర్లక్ష్యం వల్ల ఎడమ బటన్ సందులో అట్టముక్క దోపి...’

ప్రూఫులక్క అక్కడే ఆగిపోయింది. భాషలో తప్పు లేదు. ఈ కాగితం ఇలాగే వెళితే బాబాయ్‌కి పరిహారమూ రాదు, పనీ ఉండదు.

ఆ మిషన్‌కు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒక్కసారే నొక్కితేనే బ్లేడు దిగుతుంది. చేతులు బటన్ల మీదుంటే ఇక బ్లేడు కిందికి పోవు. ఆ ఏర్పాటంతా అందుకే. రెండు నెలల కిందట బడి పుస్తకాల ఆర్డరు నెత్తిమీదికి వచ్చినప్పుడు ఎడమ బటన్ లోపలికే ఉండిపోయేలా సందులో అట్టముక్క దోపారు. ఒక చెయ్యి కాగితాలు సర్దుతుంటే రెండో చెయ్యి కోస్తుంది, పని త్వరగా తెములుతుంది.

ఆమె సొరుగు లాగి మడిచిన అట్టముక్క ఒకటి తీసింది. ప్రమాదం రోజు కోసే గదిలో రక్తం కడుగుతున్నప్పుడు, బటన్ సందులోంచి జారి నేలమీద పడి దొరికింది. మడత విప్పి బల్ల మీద పరిచింది. పుస్తకం అట్టకు తీసిన ప్రూఫు. దాని మీద ఆమె ఎర్ర సిరా, రెండు నెలల కిందటి తేదీ. మార్జిన్‌లో ‘అశ్రద్ధ’.

“ఇది నేను మీ చేతికిచ్చిన ప్రూఫు సార్. కోసే గదికి ప్రూఫులు వెళ్లవు.”

“ఎవడో నా బల్ల మీంచి తీసుంటాడు.”

“మీరే దోపారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ‘వద్దు సార్, చెయ్యి పోతుంది’ అని బాబాయ్ బతిమాలాడు. ‘చేస్తే చెయ్యి, లేకపోతే ఇంకొకణ్ని పెట్టుకుంటా’ అన్నారు.”

మేనేజరు గొంతు తగ్గించాడు. “మరి అప్పుడు నోరు మెదపలేదేం? రెండు నెలలు నువ్వూ ఆ గుమ్మం ముందు నుంచే తిరిగావుగా?”

పిన్ని తలెత్తి ప్రూఫులక్క వైపు చూసింది.

తిరిగింది. రోజుకు నాలుగైదుసార్లు. వెళ్లిన ప్రతిసారీ ఆ బటన్ వైపు చూసింది కూడా. కోసే గది నా పని కాదు కదా అనుకుని, వచ్చి తన కుర్చీలో కూర్చుని అచ్చుతప్పుల మీద కళ్లెర్రజేసింది.

“ఉద్యోగం చేసుకోవాలని ఉంటే సంతకం పెట్టు” అన్నాడు మేనేజరు.

ప్రూఫులక్క పెన్ను మూత తీసి, ఆ వాక్యాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కొట్టేసింది.

“సంతకం పెట్టను సార్. జరిగిందంతా నేనే రాస్తాను. నిర్లక్ష్యం అని ఇద్దరి పేర్ల పక్కన రాస్తాను, ముందు మీ పేరు, తర్వాత నా పేరు. రేపు పిన్నితో వెళ్లి తనిఖీ ఆఫీసులో నా చేత్తోనే ఇస్తాను.”