ఎర్ర కుర్చీలో పలకరింపులు లేవు

మా అక్క కూతురు కొరికేది. ఐదేళ్ల పిల్ల. బలపం ఇవ్వనన్నందుకు పక్క పిల్లను, లేటవుతోందన్నందుకు ఆటో ఆయనను, ఏ కారణమూ లేకుండా నన్ను. ఇంకొకరిని కొరికితే బడిలో ఉంచుకోనని టీచరమ్మ తేల్చి చెప్పింది.

బడి మానితే నష్టం అక్కకే. ఆమె భద్రాచలంలో నర్సు. బావ మిర్చి లోడుతో లారీ మీద తిరుగుతుంటాడు. పిల్ల జూలూరుపాడులో మా దగ్గర ఉంటుంది. అమ్మానాన్నలు చేనుకు, నేను జిరాక్స్ షాపుకు పోతాం. పగలు పిల్లను చూసుకోవాలంటే అక్క ఉద్యోగం వదిలి రావాలి. ఏళ్ల తరబడి చదివి తెచ్చుకున్న ఉద్యోగం.

అప్పుడే మా చర్చి హాల్లో తల్లిదండ్రులకు శిక్షణ తరగతులు పెట్టారు. ఖమ్మం నుంచి ఒక మేడమ్ వచ్చేది. అక్కకు డ్యూటీ, బావకు లోడు. కాబట్టి తల్లిగా మా అమ్మ, తండ్రిగా చిన్నమ్మనైన నేను వెళ్లాం. తండ్రుల వరుసలో ఒక్క మగవాడూ లేడు కనుక నేను అక్కడ కూర్చోవడం ఎవరికీ వింతగా అనిపించలేదు.

మేడమ్ చెప్పింది సులువుగానే ఉంది. పిల్ల మంచి పని చేస్తే, ఏం బాగుందో చెప్పి వెంటనే మెచ్చుకోవాలి. కొరికితే కొట్టకుండా, అరవకుండా ఒక కుర్చీలో కూర్చోబెట్టాలి. ఎన్నేళ్లుంటే అన్ని నిమిషాలు. అందులో ఉన్నంతసేపు ఎవరూ పలకరించకూడదు.

"ఇంట్ల అందరు ఒక్క తీరుగ ఉండాలె. ఒక్కరు మెత్తబడ్డా మొత్తం పాడైతది" అంది.

ఆ చివరి మాటను అమ్మ గట్టిగా పట్టుకుంది. మరునాడే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని వరండా మూలలో, నీళ్ల డ్రమ్ము పక్కన వేసింది. ఆ సాయంత్రం నాన్న మేకను బూతులు తిట్టాడు.

"ఏమయ్యా, పోయి కుర్సీల కూసో."

"నేనా? నేనెందుకే?"

"రూలు అందరికి ఒకటే. నీకెన్నేండ్లు?"

అరవై దాటిన నాన్న గంటకు పైగా కూర్చున్నాడు. మధ్యలో మంచినీళ్లు అడిగాడు. ఎవరమూ పలకలేదు. డ్రమ్ములో చెంబు ముంచుకుని తనే తాగాడు. పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చుని అంతా చూసింది. ఆయన లేవగానే "మంచిగ కూసున్నవ్ తాతా" అని మెచ్చుకుంది.

నాకు కూడా ఆ కుర్చీ మీద ఆశ పుట్టింది. షాపు నుంచి వచ్చి పుస్తకం తెరిస్తే చాలు, "ఏం సదువుతున్నవ్? మొగం గట్ల పెట్టినవేంది?" అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. నాకు జవాబులు తొందరగా రావు. కుర్చీలో ఉంటే జవాబులే అక్కర్లేదు. మొదట్లో అమ్మకు ఎదురు చెప్పి మరీ వెళ్లి కూర్చున్నాను. తర్వాత తప్పు చేయడం కూడా మానేసి నేరుగా కూర్చునేదాన్ని. ఎందుకని అడగబోయి, అమ్మ నోరు మూసుకునేది.

ఒకరోజు పిల్ల కోసం ప్రార్థన చేయడానికి అయ్యగారు, అంటే మా పాస్టరు, వచ్చాడు. వరండాలో ఖాళీగా కనబడ్డ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

"అందరు బాగున్నరా?"

అమ్మ నోరు తెరిచింది. పిల్ల పెదాల మీద వేలు పెట్టి "అమ్మమ్మా, కుర్సీ!" అంది.

అమ్మ ఆయన వైపు ఒకసారి, పిల్ల వైపు ఒకసారి చూసింది. ఇప్పుడు మెత్తబడితే అక్క ఉద్యోగం పోతుంది. లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి మాట్లాడకుండా ఆయన చేతికిచ్చింది. నాన్న నేల చూశాడు.

"ఏందమ్మా, నామీద కోపమా?"

ఎవరమూ పలకలేదు.

"పోయిన ఆదివారం ప్రసంగం పొడుగైంది. ఒప్పుకుంటున్న. ఇంటికాడ కూర గిట్ల మాడిందా?"

నాన్న తలూపాడు. తలూపడం మాట్లాడడం కాదు కదా.

"అయ్యగారికి ఎన్నేండ్లు తాతా?" అని పిల్ల గుసగుసలాడింది.

లెక్క తేలకముందే ఆయన ప్రార్థనకు లేచి నిలబడ్డాడు. వెంటనే ముగ్గురం ఒక్క గొంతుతో "వందనాలు అయ్యగారూ!" అన్నాం. ఆయన చేతిలో చాయ్ తొణికింది. తర్వాతి ఆదివారం ప్రసంగం తొందరగా ముగిసింది.

పిల్ల మారిందా అని అక్క ఫోన్లో అడిగేది. తగ్గింది కానీ ఆగలేదని చెప్పేవాళ్లం. ఒక సాయంత్రం నేను కుర్చీలో చదువుకుంటుంటే, పక్కింటి పిల్ల బొమ్మ లాక్కుందని మా పిల్ల పళ్లు బిగించుకుని వచ్చింది. నా చేతి వైపు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"లే చిన్నమ్మా, జల్దీ. నాకు కోపమొస్తాంది."

లేచాను. కూర్చుంది. కాసేపు కాళ్లు ఊపి దిగింది. ఎవరినీ కొరకలేదు.

"కోపమొచ్చినా కొరకకుండ వచ్చి కూసున్నవ్, శభాష్" అన్నాను. నా నోటి నుంచి అంత పొడుగు మాట విని అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

కొద్ది రోజులకు బడి నుంచి పిలుపొచ్చింది. అమ్మా నేనూ భయపడుతూ వెళ్లాం.

"కొరికిందా టీచరమ్మా?"

"కొరుకుతలేదు. కుర్సీ అడుగుతాంది. పిల్లలందరు కింద కూసుంటరు, ఉన్నది నా కుర్సీ ఒక్కటే. కోపమొచ్చిందని నన్ను లేపుతది. ఏమైందే అంటే మాట్లాడొద్దంటది. నేను నిలబడి పాఠం చెప్పాల్నా?"

"తీసుకపొమ్మంటరా?" అమ్మ అడిగింది.

"ఎందుకమ్మా, కొరుకుతలేదు గద. ఒక కుర్సీ పంపండి."

మరునాడు ఆటో వెనక కట్టించుకుని ఎర్ర కుర్చీ బడికి పోయింది. అక్క డ్యూటీకి పోతోంది. నేను డ్రమ్ము పక్కన నేల మీద కూర్చుని చదువుకుంటున్నాను. కింద కూర్చున్నవాళ్లకు పలకరించకూడదన్న రూలు వర్తించదని అమ్మ తేల్చింది.