పథ్యం పట్టిన ఏడాది

పెళ్లయి ఎనిమిదేళ్లయినా నా కడుపు పండలేదు. దానికి తోడు నెలనెలా రక్తం ఆగేది కాదు, నాట్లు వేస్తూ వేస్తూ ఒడ్డు మీద కూలబడేదాన్ని. సూర్యాపేట దవాఖానలో చూపిస్తే గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. గడ్డ పోతే పిల్లలు పుడతారనుకుని నేను సంతోషంగానే ఆపరేషన్ గదిలోకి నడిచాను. తెలివి వచ్చేసరికి మా ఆయన, మా అక్క మంచం పక్కన ఉన్నారు.

"గడ్డ తీసిండ్రా?"

"తీసిండ్రు. ఇగ నీకు పరేషాన్ లేదు," అన్నాడాయన. అక్క నా జుట్టు సవరిస్తూ కూర్చుంది.

గరిడేపల్లికి వచ్చేశాం. నెల గడిచింది, మూడు నెలలు గడిచాయి. ముట్టు రాలేదు. అక్కనడిగితే, "పెద్ద ఆపరేషన్ గదనే, జర లేటయితది," అంది. సంతకం తప్ప నాకు చదువు రాదు. దవాఖాన కాగితాలు ఆయన దగ్గరే ఉండేవి. కడుపొచ్చిందేమోనని కూడా ఒకసారి ఆశపడ్డాను. సిగ్గయినా, ఇది రాసిపెడుతున్నవాళ్లను ఆ మాట కూడా రాయమంటున్నాను.

కోదాడలో ఒకామె పిల్లలు పుట్టడానికి చెట్టు మందు ఇస్తుందని నాట్లలో ఎవరో చెప్పారు. పోదామని నేనే గోల పెట్టాను. ఆయన వద్దనలేదు. ఆమె పొట్లాలు నా చేతిలో పెట్టి, "మానకుండా తాగమ్మా, పండుద్ది," అంది.

మా ఆయన చేతులు కట్టుకుని అడిగాడు: "పథ్యం ఏమన్న ఉంటదా అమ్మా?"

"వంకాయ, గోంగూర, కోడి మానెయ్యాలి. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ."

మానేశాడు. ఏడాది పాటు మానేశాడు. పొద్దున్నే ఆ చేదు నేను మింగుతుంటే బెల్లంముక్క పట్టుకుని పక్కన నిలబడేవాడు. పెళ్లి బంతిలో కూడా కోడికూర వద్దనేవాడు. "ఏందిర, కడుపు నీకా ఆమెకా?" అని దోస్తులు నవ్వేవాళ్లు. ఇలాంటి మొగుడు ఎవరికుంటాడని నేను మురిసిపోయాను.

మందు పని చేయట్లేదని, ఒకరోజు ఆయనకు చెప్పకుండా మిర్యాలగూడ బస్సెక్కాను. స్కానింగ్ డాక్టరమ్మ పొట్ట మీద అటూ ఇటూ తిప్పి ఆగిపోయింది.

"గర్భసంచి ఎప్పుడు తీయించుకున్నావమ్మా?"

"గడ్డ తీసిండ్రమ్మా. సంచి గాదు."

"సంచే లేదమ్మా." తెర నావైపు తిప్పింది. నాకేం తెలుస్తుంది, అంతా నలుపే.

ఇంటికొచ్చి నిలదీశాను. గడ్డతో పాటు సంచి కూడా తీయాలని డాక్టర్ ముందురోజే చెప్పాడట. నాకు తెలిస్తే ఒప్పుకోనని ఆయనా అక్కా అనుకున్నారట. "ఆమెకు చెప్పినం సార్" అని ఆయన సంతకం పెట్టాడట.

"మరి మందెందుకు తాగనిచ్చినవ్?"

"నువ్వు ఆశతోని ఉన్నవ్. నాకు నోరు రాలే."

అక్క దగ్గరికి పోతే నా మీదే లేచింది. "చెప్తే గా ఆపరేషన్ బల్ల ఎక్కుతుంటివా? సచ్చిపోతుంటివి!"

"అడిగితే ఎక్కుతుంటినేమో. అడిగిండ్రా?"

సంచి పోయినందుకు ఏడ్చాను, ఆ ఏడుపు ఎప్పటికో ఆగింది. ఆ బెల్లంముక్క మాత్రం ఇప్పటికీ గొంతులోనే ఉంది. తర్వాత ఆరేళ్లు కాపురం చేశాను, వండి పెట్టాను. ఆయన ఏ మంచి మాట అన్నా, ఇందులో ఏం దాచాడో అనుకునేదాన్ని.

పోయినేడు గుండెపోటుతో పోయాడు. దినాల నాడు ఆడవాళ్లు నా చుట్టూ చేరారు.

"పిల్లలు లేకున్నా ఇంకో పెండ్లి మాటెత్తలె. నిన్ను మందులకు ఎంత తిప్పిండు పాపం! గసొంటి మొగోడు ఏడ దొర్కుతడు?"

"నా సంచి తీపిచ్చిందే ఆయన," అన్నాను. "నాకు చెప్పకుండ."

ఒక పెద్దామె నా వీపు నిమిరి, "దుఃఖంల ఏదో అంటున్నది, లోపటికి తీస్కపోండ్రి," అంది.

నా చేయి పట్టి లోపలికి తీసుకుపోయింది మా అక్కే.