గొలుసుకు పదకొండు తాళాలు

మా బావది తాళాల కొట్టు. మా వీధిలోని పాత గోదాము ముందు గదిలో ముప్పై ఏళ్లుగా అద్దెకు నడుపుతున్నాడు. ఎంత మొండి తాళమైనా క్షణంలో తెరుస్తాడు గానీ, తన నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడగడు. చచ్చినా అడగడు.

గోదాము అమ్మకానికొస్తే మా వీధిలో పదకొండు ఇళ్లవాళ్లం కలిసి కొన్నాం. పిల్లల చదువులకో గది, పెద్దవాళ్లు కూర్చోవడానికో గది. ఆస్తి అందరిదీ, సరే. తాళంచెవి ఎవరి దగ్గరుండాలి? మొదటిరోజే జుట్లు పట్టుకున్నాం. బావ ఇల్లు వేరే వీధిలో, కొన్నవాళ్లలో ఆయన లేడు. అయినా విరుగుడు ఆయనే కనిపెట్టాడు. గేటు గొలుసులో పదకొండు తాళాలు ఒకదానికొకటి తగిలించాడు. ఏ ఒక్కరు తమ తాళం తీసినా చాలు, గేటు తెరుచుకుంటుంది.

"ఒకళ్లనొకళ్లు నమ్మకపోయినా కలిసుండొచ్చు, పొండి" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక, బతికున్నంతకాలం ముందు గది బావదేనని అందరం చేతులెత్తి ఒప్పుకున్నాం. ఆ మాట ఆయనకు చెప్పినవాడు మాత్రం లేడు. మా పదకొండు ఇళ్లలో ఒకరైన ట్యూషన్ మాస్టారు చెప్పుంటారని నేను, బావమరిదిని కదా నేనే చెప్పుంటానని మాస్టారు, మా ఇద్దరిలో ఎవరో ఒకరని మిగతావాళ్లు. నలుగురి పని ఎవరి పనీ కాదంటే ఇదే.

నాలుగు నెలల్లో బావ చిక్కి సగమయ్యాడు. షుగరేమో చూపించుకోమని నసపెట్టాను కూడా, నా మొహం!

ఒక మధ్యాహ్నం కొట్టుకెళ్తే, తాళంచెవులు కోసే యంత్రం మరలు విప్పుతున్నాడు. పనిముట్లన్నీ గోనెసంచిలో ఉన్నాయి.

"ఏంటి బావా, సర్దేస్తున్నావ్?"

"మీరు పొమ్మనకముందే పోవడం మర్యాద. బస్టాండు వెనక చిన్న చోటు చూశాను. మీ అక్కకు తెలీదు, చెప్పకు."

"నిన్ను పొమ్మనేదెవరు బావా? బతికున్నన్నాళ్లూ ఈ గది నీదే. గొలుసు వేసిన రోజే అనుకున్నాం!"

బావ చేతిలో రెంచితోనే లేచి నిలబడ్డాడు.

"నాలుగు నెలల్రా! కంటిమీద కునుకు లేదురా నాకు! పదకొండు కొంపల్లో ఒక్కడికీ నోట్లో నాలుక లేదా?"

వీధి చివరిదాకా వినపడింది. పరిగెత్తుకొచ్చిన మాస్టారికీ వాటా దక్కింది. సిగ్గుతో ఇద్దరం తల దించుకున్నాం. తిట్టి తిట్టి అలిసిపోయి, బావ స్టూలు మీద కూలబడి భోరున ఏడ్చాడు. నాకూ ఏడుపాగలేదు.

చివరికి కండువాతో మొహం తుడుచుకుని రెంచి నా చేతిలో పెట్టాడు.

"ఆ మరలు నువ్వు బిగించరా. నా వల్ల కావట్లేదు."