అన్న మూయని పత్తలు

బోధన్‌లో మేము బ్రిడ్జి పేకాట ఆడేది సేటు బెల్లం దుకాణం వెనక గదిలో. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆఫీసర్ల క్లబ్బులో ఆడేవాళ్లట. ఫ్యాక్టరీ మూతపడ్డాక క్లబ్బుకూ తాళం పడింది, ఆట ఇక్కడికి వచ్చింది. గోడ వెంట బెల్లం బస్తాలు. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లి గోనెల్లోంచి కారుతుంది. నేల జిగట, బల్ల జిగట, ముసురుకునే ఈగలు. మొదట్లో ఆ వాసన నాకు ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు నిజామాబాద్‌లో ఎవరైనా బెల్లం టీ ఇస్తే గ్లాసు పక్కన పెట్టేస్తున్నాను. తప్పు బెల్లానిది కాదు.

నేను నిజామాబాద్‌లో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి బోధన్ వెళ్తాను. ఆటకు నలుగురం. నా జోడీదారు ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. నేను అన్న అని పిలుస్తాను. చెరకు రసంలో తీపి ఎంతో పరీక్షించి చెప్పడం ఆయన పని. ఎవరు బతిమాలినా, ఎవరు కళ్లెర్ర చేసినా ఉన్నదే చెప్పేవాడని ఇప్పటికీ రైతులు అంటారు. మాకు ఎదురు జట్టు సేటు, సిస్టరమ్మ. ఆమె నర్సుగా రిటైరైంది. చర్చిలో ప్రార్థన ముగించుకుని అదే తెల్లచీరతో వచ్చి కూర్చుంటుంది.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. నలుగురూ తలో పత్తా, అంటే పేకముక్క, వేస్తే పెద్దది వేసిన జట్టుకు ఒక పట్టు. ఆట మొదలుకాక ముందు ఎన్ని పట్లు గెలుస్తామో వేలంపాటలా పలకాలి. మన చేతిలో ఏముందో జోడీదారుకు ఆ పలుకులతోనే తెలపాలి. గొంతు మార్చకూడదు, దగ్గకూడదు, ఊరికే ఆగకూడదు. జోడీదారు పొరపాటున అలాంటిదేదైనా చేసినా మనం చూడనట్టే ఉండాలి. మొదటి ఆరు పట్లు లెక్కలోకి రావు కాబట్టి, ఏడు పలికామంటే పదమూడు పట్లూ మావేనని మాటిచ్చినట్టు. దాన్ని గ్రాండ్ స్లామ్ అంటారు. ఒక్క పట్టు జారినా అంతా పోయినట్టే. అందుకే చాలామంది ఆరు దగ్గర ఆగిపోతారు.

నేను ఆగేవాణ్ని కాదు. బోధన్‌లో నన్ను ‘గ్రాండ్ సార్’ అనేవాళ్లు. ఆ పేరు విన్నప్పుడల్లా మొహమాటంగా నవ్వేవాణ్ని.

అన్నకు ఒక అలవాటు ఉంది. తాను చెప్పవలసినదంతా పలికేశాక విసనకర్రలా పట్టుకున్న పత్తలను మూసి గుప్పిట్లో పెట్టుకుంటాడు. పరీక్ష అయిపోయిన సీసాకు మూత బిగించి పక్కకు జరిపినట్టు. చెప్పనిది ఇంకేదైనా చేతిలో మిగిలి ఉంటే పత్తలు విప్పే ఉంటాయి. ఈ సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఆయనతో ఆడటం మొదలుపెట్టిన కొత్తలోనే కనిపెట్టాను. నా ధైర్యం మొత్తం అదే.

ఆ ఆదివారం నా చేతికి ఆరు ఇస్పేట్లు వచ్చాయి, అందులో ఆసు, రాజు ఉన్నాయి. అన్న ఇస్పేటు తురుపుకు మద్దతు పలికాడు. ఆసులెన్ని అని అడగడానికి మాకు ఒక పలుకుంది, రాజులెన్ని అని అడగడానికి ఒకటుంది. రెండూ అడిగాను. ఆసులు, రాజులు అన్నీ మా ఇద్దరి దగ్గరే ఉన్నాయి. తేలనిది ఇస్పేటు రాణి ఒక్కటే. ఆఫీసర్ల కాలం నుంచి వస్తున్న పాత పద్ధతిలో రాణి సంగతి అడిగే పలుకు లేదు. అది అన్న దగ్గరుంటే ఏడు ఖాయం. సేటు దగ్గరో సిస్టరమ్మ దగ్గరో ఉంటే అదృష్టం మీద ఆధారపడాలి.

తల ఎత్తి చూశాను. అన్న చేతిలో పత్తలు విప్పే ఉన్నాయి.

“ఏడు ఇస్పేట్లు” అన్నాను. ఆలోచిస్తున్నట్టు నుదురు రుద్దుకుని మరీ అన్నాను.

“కాయ్ సార్, గుండెనా బండనా నీది” అన్నాడు సేటు తన మరాఠీ మాట కలిపి.

సిస్టరమ్మ మొదటి పత్తా వేసింది. ఆట నియమం ప్రకారం అన్న తన పత్తలను బల్ల మీద పరిచాడు. రాణి ఉంది. పదమూడు పట్లూ వచ్చాయి.

అన్న మొహం వెలిగిపోయింది. “తమ్మీ, రాణి నా తాన ఉన్నదని నీకెట్ల ఎర్కైంది? చెప్పుదమంటె పలుకే లేకపాయె.”

“నీ మీద నమ్మకమన్నా.”

పత్తలు కలుపుతున్న సిస్టరమ్మ తలెత్తకుండానే అంది. “నమ్మకం గాదన్నా, నీ చెయ్యి. ఇంక చెప్పేదుంటె పత్తలు ఇప్పి పట్టుకుంటవ్, లేకుంటె మూస్తవ్. నువ్వు మూస్తె సార్ ఆరు కాడ్నే ఆగుతడు. గిన్నేండ్ల సంది సూస్తనే ఉన్నం.”

అన్న నవ్వబోయి ఆగాడు. “నేనా?”

“పోనీ తియ్యన్నా” అన్నాడు సేటు. “జోడీ అన్నంక ఎట్లనో ఒకట్ల మాట్లాడుకుంటరు. మేమేమన్న అడిగినమా?”

అంటే ఇన్నేళ్లుగా వాళ్లు మా ఇద్దరినీ దొంగలనే అనుకున్నారు. అనుకుని, క్షమించి, టీ తాగించి పంపారు. అన్న నావైపు చూశాడు. ఆ చూపు ఏమడుగుతోందో నాకు అర్థమైంది. అన్నకు ఏమీ తెలియదు, చూసింది నేనొక్కణ్నే అని ఒక్క మాటంటే ఆయన మర్యాద ఆయనకు దక్కేది.

“ఊకో సిస్టరమ్మా, ఓడిపోతె అందరు గిట్లనే అంటరు” అన్నాను.

తిరుగు బస్సులో చేతులు జిగటగా ఉన్నాయి. నిజామాబాద్‌లో దిగి కుళాయి కింద ఎంతసేపు కడుక్కున్నా పోయినట్టు అనిపించలేదు. చెమట కాదు, బెల్లం కాదు. ఆయనతో కలిసి ఆడి గెలిచాననుకున్న ప్రతి ఆటలోనూ నేను చేసింది ఆయన జేబులో చేయి పెట్టడమే. పట్టుబడ్డాక ఆ చెయ్యి ఆయనదే అన్నట్టు ఊరుకున్నాను.

తర్వాతి ఆదివారం అన్న తన పత్తలు తీసి చూసుకున్నాడు. వాటిని బోర్లించి బల్ల మీద పెట్టి రెండు చేతులూ తొడల కింద దాచుకున్నాడు. పలకవలసి వచ్చినప్పుడు ఒక చెయ్యి తీసి, పత్తలు ఎత్తి చూసి, మళ్లీ బోర్లించేవాడు. వయసు మీద పడింది, చేతిలో ఏది ఎన్ని ఉన్నాయో ఆయనకు గుర్తుండటం లేదు.

“గదేందన్నా, తపస్సా?” అన్నాడు సేటు.

“చేతులు వణుకుతున్నయ్ రా. ముసలితనం” అన్నాడు అన్న.

ఆయన చేతులు వణకడం లేదు. నన్ను కాపాడటానికి అబద్ధమాడాడు. ఎవరు కళ్లెర్ర చేసినా ఆడని అబద్ధం, నా కోసం ఆడాడు. ఇక కూర్చోలేకపోయాను.

“సిస్టరమ్మా, అన్నకేం తెల్వదు. ఆయన పత్తలు మూసుడు, ఇప్పి పట్టుకునుడు నేనే కనిపెట్టిన. నేనే చూసుకుంట వచ్చిన. ఆయన ఎన్నడు సైగ చెయ్యలే.”

సిస్టరమ్మ పత్తలు కలపడం ఆపింది. “గీ ముచ్చట పోయిన ఐతారం చెప్పాల్సింది సార్. గప్పుడు అన్న నీ మొఖం సూసిండు.”

సేటు పత్తల మీద వాలిన ఈగను తోలాడు.

“పత్తలు పంచు సిస్టరమ్మా” అన్నాడు అన్న.

ఆట సాగుతూనే ఉంది. నేనూ వెళ్తూనే ఉన్నాను. మానేస్తే నా తప్పుకు ఆయన ఆట పోతుంది. మొన్న మళ్లీ అలాంటి చెయ్యే వచ్చింది. ఆసులు, రాజులు మావే, తేలనిది రాణి ఒక్కటే. తల ఎత్తి చూశాను. చూడటం ఇంకా పోలేదు, అదే నా రోత. బల్ల మీద బోర్లించిన పత్తల వీపులు తప్ప ఏమీ కనబడలేదు.

ఆరు అన్నాను.

అన్న చేతులు బయటికి తీసి పత్తలు పరిచాడు. రాణి ఉంది. పదమూడు పట్లూ మావే, పలికింది మాత్రం ఆరు.

“పోనీ తమ్మీ” అంటూ మళ్లీ చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.